ఐఎన్ఎస్ జలాశ్వ తొలి ఏళ్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడితే అప్పుడప్పుడు బూడిదరంగులో పెద్ద పెట్టెలాంటి ఓడ ఒకటి కనిపిస్తుంది. ముందు సగం మేడలా ఎత్తుగా, వెనక సగం బల్లపరుపుగా ఉంటుంది. పక్కనున్న వాళ్లలో ఎవరో ఒకరు "అది విమాన వాహక నౌకేనా?" అని అడుగుతారు. కాదు, అది సైన్యాన్ని సముద్రం మీదుగా ఒడ్డుకు చేర్చే మన నౌకాదళ ఓడ జలాశ్వ అని చెబితే, ఇక అక్కణ్నుంచి ప్రశ్నలు ఆగవు. ఏళ్ల తరబడి అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి కాబట్టి వాటిని ఒక్కచోట చేర్చాను. ప్రతి ప్రశ్నకూ జవాబు దాని కిందే పూర్తిగా ఉంది. ఎక్కడి నుంచైనా మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## మన దగ్గరికి రాకముందు

జలాశ్వ అసలు పేరేంటి? ఎక్కడ కట్టారు?

అసలు పేరు యూఎస్ఎస్ ట్రెంటన్. అమెరికా పశ్చిమ తీరంలోని సియాటిల్‌లో లాక్‌హీడ్ నౌకా నిర్మాణ సంస్థ దీన్ని కట్టింది. 1966 ఆగస్టులో పని మొదలైంది, 1968 ఆగస్టులో జలప్రవేశం జరిగింది, 1971 మార్చి 6న అమెరికా నౌకాదళంలో చేరింది. ఆస్టిన్ తరగతి అని పిలిచే 12 ఓడల్లో ఇది ఒకటి. సైనికులను, వాళ్ల వాహనాలను, వాటిని ఒడ్డుకు చేర్చే పడవలను, హెలికాప్టర్లను అన్నింటినీ ఒకే ఓడలో తీసుకెళ్లడం ఈ తరగతి ఉద్దేశం. ట్రెంటన్ ఎక్కువ కాలం అట్లాంటిక్ వైపున, వర్జీనియాలోని నార్‌ఫోక్ స్థావరంగా పనిచేసింది. మధ్యధరా సముద్రానికి, అక్కణ్నుంచి పశ్చిమాసియా వైపుకు వంతుల ప్రకారం వెళ్లి వచ్చేది.

ట్రెంటన్ అంటే మనిషి పేరా, ఊరి పేరా?

ఊరి పేరు. న్యూజెర్సీ రాష్ట్ర రాజధాని ట్రెంటన్. అమెరికా స్వాతంత్ర్య పోరాటంలో 1776 డిసెంబరు 26న అక్కడ ఒక చిన్న యుద్ధం జరిగింది. ముందు రాత్రి జార్జ్ వాషింగ్టన్ తన సేనను మంచుగడ్డలు తేలుతున్న డెలావేర్ నది మీదుగా పడవల్లో దాటించి, తెల్లారాక దాడి చేశాడు. సైన్యాన్ని నీళ్ల మీదుగా అవతలి ఒడ్డుకు చేర్చడమే పనిగా పుట్టిన ఓడకు ఇంతకంటే తగిన పేరు దొరకదని నాకనిపిస్తుంది. ఆ పేరుతో అంతకుముందు రెండు అమెరికా యుద్ధనౌకలు ఉండేవి. మొదటిది 1889లో సమోవా దీవుల దగ్గర తుపానుకు నాశనమైంది.

ట్రెంటన్‌గా ఉన్నప్పుడు ఇది ఎప్పుడైనా యుద్ధంలో పాల్గొందా?

పాల్గొంది. ఇరాన్, ఇరాక్ యుద్ధం చివరి రోజుల్లో, 1988 ఏప్రిల్ 18న, పర్షియన్ గల్ఫ్‌లో ఇరాన్ లక్ష్యాల మీద అమెరికా నౌకాదళం ఒక్కరోజు దాడి జరిపింది. అంతకు నాలుగు రోజుల ముందు ఒక అమెరికా యుద్ధనౌక సముద్రంలో పెట్టిన మందుపాతర తగిలి దెబ్బతింది. దానికి ప్రతీకారంగా ఈ దాడి జరిగింది. సస్సాన్ అనే చమురు వేదికను పట్టుకునే పని మూడు ఓడల బృందానికి అప్పగించారు. అందులో ట్రెంటన్ ఒకటి. మెరైన్ సైనికులు హెలికాప్టర్ల మీద వేదికపై దిగారు. ఆ రోజు ఒక కోబ్రా హెలికాప్టర్ సముద్రంలో కూలి ఇద్దరు చనిపోయారు.

సోమాలియాలో జనాన్ని రక్షించింది ఈ ఓడేనా?

ఇదీ, దీనితో పాటు వెళ్లిన గ్వామ్ అనే మరో ఓడా. 1991 జనవరి మొదట్లో మొగడిషులో అంతర్యుద్ధం ముదిరి అమెరికా రాయబార కార్యాలయం చుట్టూ కాల్పులు మొదలయ్యాయి. అప్పటికి ప్రపంచం చూపంతా కువైట్ మీద ఉంది. ఒమన్ దగ్గరున్న ఈ రెండు ఓడలను హుటాహుటిన దక్షిణానికి మళ్లించారు. ఓడలు చేరేదాకా ఆగితే ఆలస్యమవుతుందని, ఇంకా 466 నాటికల్ మైళ్ల దూరంలో, అంటే దాదాపు 860 కిలోమీటర్ల అవతల ఉండగానే రెండు పెద్ద హెలికాప్టర్లను పంపారు. రాత్రివేళ గాల్లోనే రెండుసార్లు ఇంధనం నింపుకుంటూ అవి వెళ్లాయి. ఆ తర్వాత దగ్గరికొచ్చిన ఓడల నుంచి మిగతా హెలికాప్టర్లు బయల్దేరాయి. మొత్తం 30 దేశాలకు చెందిన 281 మందిని బయటికి తెచ్చారు. వాళ్లలో సోవియట్ రాయబారి కూడా ఉన్నాడు. ఈ ఓడ చరిత్రలో నేను పదేపదే చదువుకునే ఘట్టం ఇదే.

అమెరికా సేవలో చివరిగా ఏం చేసింది?

2006 జులైలో ఇజ్రాయెల్, హెజ్‌బొల్లా యుద్ధం మొదలై బీరుట్‌లో విదేశీయులు చిక్కుకుపోయినప్పుడు, అమెరికా పౌరులను సైప్రస్ వైపు తరలించిన ఓడల్లో ట్రెంటన్ ఉంది. ఒక్కసారికి వెయ్యి మందికి పైగా ఎక్కించుకోగల ఓడ కావడం అక్కడ పనికొచ్చింది. అవే రోజుల్లో అదే బీరుట్ రేవుకు మన యుద్ధనౌకలు ముంబై, బ్రహ్మపుత్ర, బెత్వా, వాటితో పాటు సరఫరా నౌక శక్తి కూడా వెళ్లాయి. ఆపరేషన్ సుకూన్ పేరుతో రెండు వేల మందికి పైగా భారతీయులను, పొరుగు దేశాల వాళ్లను తెచ్చాయి. ఆరు నెలలు తిరిగేసరికి ట్రెంటన్ మనదైంది.

## కొనుగోలు

మన దగ్గర అప్పటికే మగర్, ఘరియాల్ ఉండగా మళ్లీ ఇది ఎందుకు?

మగర్, ఘరియాల్ ఒడ్డుకు ఆనుకుని ముక్కు దగ్గర తలుపులు తెరిచి ట్యాంకులను దించే ఓడలు. వాటికి ఇసుక తీరం, తగిన వాలు, తగిన లోతు అన్నీ కలిసిరావాలి. ఒక్కోటి 5,600 టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. ట్రెంటన్ దానికి మూడింతలు. పైగా అది ఒడ్డుకు రానక్కర్లేదు. సముద్రంలో ఎక్కడో ఆగి, పడవలను, హెలికాప్టర్లను పంపుతుంది.

ఆ తేడా విలువ 2004 డిసెంబరు 26న అర్థమైంది. సునామీ వచ్చినప్పుడు మన నౌకాదళం అండమాన్ నికోబార్‌తో పాటు శ్రీలంక, మాల్దీవులు, ఇండోనేసియాలకూ సాయం తీసుకెళ్లింది. చాలాచోట్ల జెట్టీలే కొట్టుకుపోయాయి. ఓడ వెళ్లినా కట్టే చోటు లేదు. సర్వే పనికి కట్టిన నిరూపక్ లాంటి ఓడలను ఆసుపత్రులుగా మార్చి పంపాల్సి వచ్చింది. రేవు లేని చోట కూడా పెద్ద ఎత్తున సరుకు, వైద్యం, మనుషులను దించగల ఓడ ఒక్కటీ మన దగ్గర లేదు. ఆ లోటు తీర్చడానికే ఇది వచ్చింది.

ఎంత పెట్టి కొన్నారు?

ఓడకు 4 కోట్ల 84 లక్షల డాలర్లు. అప్పటి మారకంలో రెండు వందల కోట్ల రూపాయలకు కాస్త పైన. దీని మీద నడపడానికి ఆరు యూహెచ్-3హెచ్ హెలికాప్టర్లను విడిగా 3 కోట్ల 90 లక్షల డాలర్లకు తీసుకున్నారు. ఒడ్డుకు ట్యాంకులను చేర్చే ఎల్‌సీఎం-8 రకం పడవలు నాలుగు ఓడతోనే వచ్చాయి. అమెరికా నుంచి భారత నౌకాదళం తీసుకున్న మొదటి ఓడ ఇదే.

36 ఏళ్ల పాత ఓడను కొనడం తప్పు కాదా? కాగ్ తప్పుపట్టిందట?

తప్పుపట్టింది, అందులో దాచేదేమీ లేదు. 2008లో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక, ఇంత వయసున్న ఓడను దాని స్థితిగతులను సరిగా మదింపు చేయకుండానే కొన్నారని విమర్శించింది. ఆ విమర్శను తేలిగ్గా తీసుకోకూడదు. పాత ఓడకు మరమ్మతు ఖర్చు ఏటా పెరుగుతుంది, విడిభాగాలు దొరకడం కష్టమవుతుంది.

కానీ దీనికి రెండో పక్క కూడా ఉంది. ఇలాంటి ఓడను కొత్తగా కట్టించాలంటే ఆకృతి మొదలు సేవలో చేరేదాకా పదేళ్లు మామూలు. సొంతంగా ఇలాంటివి నాలుగు కట్టించాలన్న ఆలోచన మన నౌకాదళానికి చాలాకాలంగా ఉంది. టెండర్లు పిలిచారు, రద్దు చేశారు, మళ్లీ మొదలుపెట్టారు. 2007లో జలాశ్వ రాకపోయి ఉంటే ఈ పని చేయడం మన వాళ్లకు పుస్తకాల్లోనే ఉండిపోయేది. ఓడ పాతదే, కానీ దాని మీద నేర్చుకున్న పని పాతది కాదు. నా దృష్టిలో ఆ డబ్బు చాలావరకు చదువుకు కట్టిన రుసుం.

దీన్ని యుద్ధానికి వాడకూడదని అమెరికా షరతు పెట్టిందా?

ఈ ప్రశ్నకు మూలం కూడా 2008 కాగ్ నివేదికే. దాడి పనులకు ఓడను వాడడం మీద పరిమితులున్నాయని, ఇచ్చిన సామగ్రిని తనిఖీ చేసే హక్కు అమెరికాకు ఉందని అది చెప్పింది. అమెరికా ఏ దేశానికి రక్షణ సామగ్రి అమ్మినా దాని వాడకాన్ని గమనించే నిబంధనలు జతచేస్తుంది. మన దగ్గర ఈ విషయం రాజకీయంగా వేడెక్కడానికి కారణం, అప్పటిదాకా మనం ఎక్కువగా సోవియట్ యూనియన్, ఆ తర్వాత రష్యా నుంచి కొనడం. అమెరికా తరహా తనిఖీ నిబంధనలు మనకు కొత్త. ఆ తర్వాత వచ్చిన ప్రతి అమెరికా కొనుగోలులోనూ ఈ చర్చ నడిచింది.

ఒకచోట జనవరి 17 అని, ఇంకోచోట జూన్ 22 అని ఉంది. ఏ తేదీన మన నౌకాదళంలో చేరింది?

రెండూ సరైనవే. 2007 జనవరి 17న నార్‌ఫోక్‌లో ట్రెంటన్ అమెరికా సేవ ముగిసి, అదే రోజు ఓడ మన చేతికి వచ్చింది. ఆ తర్వాత కొన్ని నెలలు అక్కడే మరమ్మతులు, మన నావికుల శిక్షణ జరిగాయి. 2007 జూన్ 22న, నార్‌ఫోక్‌లోనే, అమెరికాలో అప్పటి మన రాయబారి రోనెన్ సేన్ చేతుల మీదుగా ఐఎన్ఎస్ జలాశ్వగా లాంఛనంగా సేవలోకి తీసుకున్నారు. మొదటి కమాండింగ్ అధికారి కెప్టెన్ బి.ఎస్. అహ్లూవాలియా. పుట్టినరోజు, నామకరణం వేర్వేరు రోజుల్లో జరిగినట్టే అనుకోండి.

జలాశ్వ అంటే గుర్రమా?

జల, అశ్వ కలిపితే నీటి గుర్రం. అంటే హిప్పోపొటమస్. మన వైపు కొందరు నీటి ఏనుగు అనడం కూడా ఉంది. నీళ్లలోనూ నేల మీదా తిరిగే, బరువైన, గట్టి జంతువు. ఓడ చిహ్నంలో కూడా ఆ జంతువే ఉంటుంది. ఇలాంటి ఓడలకు జలచర జంతువుల పేర్లు పెట్టడం మన నౌకాదళంలో ముందునుంచే ఉంది. మగర్ అంటే మొసలి, ఘరియాల్ అంటే పొడుగు మూతి మొసలి. అమెరికాలో ఊరి పేరుతో ఉన్న ఓడ ఇక్కడికొచ్చి ఈ కుటుంబంలో కలిసింది. ఓడ పక్కన రాసి ఉండే గుర్తు ఎల్ 41.

## ఓడ లోపల

ఎంత పెద్దది?

పొడవు సుమారు 173 మీటర్లు. ఏడెనిమిది రైలు పెట్టెలను వరసగా నిలబెడితే అంత. నిండా సరుకుతో దాదాపు 17,000 టన్నులు. వచ్చిన నాటికి మన నౌకాదళంలో విమాన వాహక నౌక విరాట్ తర్వాత ఇదే అతిపెద్ద యుద్ధనౌక. ఓడను నడిపే సిబ్బంది నాలుగు వందల మంది దాకా ఉంటారు. వాళ్లు కాక వెయ్యి మంది సైనికులకు పడుకోవడానికి, తినడానికి, స్నానాలకు చోటుంది.

ఓడలోకి కావాలనే నీళ్లు నింపుతారట, నిజమేనా? మునిగిపోదా?

నిజమే, ఈ ఓడ ప్రత్యేకత అంతా అక్కడే ఉంది. ఓడకు ముందు భాగాన్ని అణియం అనీ, వెనక భాగాన్ని అమరం అనీ పాత తెలుగు మాటలు ఉన్నాయి. జలాశ్వ అమరం వైపు, నీటి మట్టం దగ్గర, ఒక పెద్ద తలుపు ఉంది. దాని వెనక 51 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పున్న హాలు. అందులో పడవలు ఆరిన నేల మీద నిలబెట్టి ఉంటాయి. ట్యాంకులు, లారీలు వాటిలోకి ముందే ఎక్కించి ఉంచుతారు.

పడవలను వదలాల్సిన సమయం వచ్చినప్పుడు ఓడ ఆగుతుంది. అడుగున, పక్కల ఉన్న బల్లాస్ట్ ట్యాంకుల్లోకి సముద్రపు నీళ్లు వదులుతారు. బరువు పెరిగి ఓడ వెనక భాగం మెల్లగా కిందికి దిగుతుంది. అప్పుడు తలుపు తెరిస్తే హాల్లోకి నీళ్లు వస్తాయి, పడవలు తేలుతాయి, ఒకదాని వెనక ఒకటి బయటికి వెళ్తాయి. పని అయ్యాక గాలితో ట్యాంకుల్లోని నీటిని బయటికి తోస్తే ఓడ మళ్లీ పైకి లేస్తుంది. నీళ్లు ఉండేది ఆ హాల్లోనూ, అందుకోసమే కట్టిన ట్యాంకుల్లోనూ మాత్రమే. మిగతా గదులన్నీ మూసి ఉంటాయి కాబట్టి మునిగే ప్రమాదం లేదు.

చెప్పడం తేలిక. అల లేచిన సముద్రంలో, ఊగుతున్న ఓడలోకి, గోడలకు తగలకుండా అరవై టన్నులు మోసే పడవను వెనక్కి తీసుకురావడం చాలా కష్టం. మన నావికులు తొలి ఏళ్లలో ఎక్కువ చెమటోడ్చి నేర్చుకున్నది ఈ విద్యే.

ఒడ్డు దాకా ఓడే వచ్చి ఇసుకలో ఆగుతుందా?

రాదు. దీనికి నీటిలో ఏడు మీటర్ల దాకా లోతు కావాలి. లోతున్న చోటే ఉండి, ఎల్‌సీఎం పడవలను ఒడ్డుకు పంపుతుంది. ఒడ్డున ఇసుకకు ఆనుకునేవి ఆ పడవలు. వాటి ముందు తలుపు వాలితే ట్యాంకు గానీ, లారీ గానీ నేరుగా ఇసుక మీదికి దిగుతుంది. ఒక పడవలో ఒక ట్యాంకు పడుతుంది. తీరం నుంచి శత్రువు కాల్పులకు అందకుండా పెద్ద ఓడ దూరంగా ఉండగలగడం దీని లాభం.

ఇది ఆవిరితో నడుస్తుందా? ఇంకా ఆ కాలమేనా?

అవును, రెండు బాయిలర్లు, రెండు ఆవిరి టర్బైన్లు, రెండు ప్రొపెల్లర్లు. గరిష్ఠ వేగం 21 నాట్లు, గంటకు 39 కిలోమీటర్ల దాకా. బొగ్గు కాదు, చమురు మండించి నీటిని ఆవిరి చేస్తారు. ఆవిరి ఓడ డీజిల్ ఓడలా తాళం తిప్పగానే బయల్దేరదు. బాయిలర్లు వేడెక్కి పీడనం రావడానికి గంటలు పడుతుంది, యంత్రాల గది ఎండాకాలపు బట్టీలా ఉంటుంది. విరాట్, గోదావరి, బ్రహ్మపుత్ర లాంటి ఓడల మీద ఆవిరితో పనిచేసిన అనుభవం మన వాళ్లకు ముందే ఉంది కాబట్టి యంత్రాల సంగతి వాళ్లకు పూర్తిగా కొత్త కాలేదు. అమెరికా పద్ధతిలో కట్టిన యంత్రాలు కావడమే కొత్త.

హెలికాప్టర్లు ఎన్ని దిగుతాయి?

వెనక ఉన్న విశాలమైన డెక్ మీద ఒకేసారి ఆరు మధ్యరకం హెలికాప్టర్లతో పని నడపవచ్చని నౌకాదళం చెబుతుంది. దీని కోసం తెచ్చిన ఆరు యూహెచ్-3హెచ్‌లు సీ కింగ్ కుటుంబానికి చెందినవే, మనుషులనూ సరుకునూ మోసే రకం. విశాఖలోని ఐఎన్ఎస్ డేగా వైమానిక కేంద్రంలో 2009 మార్చిలో వీటితో 350వ స్క్వాడ్రన్‌ను ఏర్పాటు చేశారు. దాని పేరు సారస్. సారస్ అంటే బెగ్గురు కొంగ. 2024 జూన్‌లో ఈ హెలికాప్టర్లను సేవ నుంచి తప్పించారు.

ఓడలో ఆసుపత్రి ఉందని విన్నాను. ఎంత పెద్దది?

నాలుగు ఆపరేషన్ థియేటర్లు, 12 పడకల వార్డు, లేబొరేటరీ, దంత వైద్య కేంద్రం ఉన్నాయి. యుద్ధంలో గాయపడ్డ సైనికుల కోసం కట్టినదే అయినా, తుపాను, భూకంపం వచ్చినప్పుడు రేవు దగ్గర నిలబడితే ఒక చిన్న జిల్లా ఆసుపత్రి శస్త్రచికిత్స విభాగం నడిచొచ్చినట్టే. వెయ్యి మంది సైనికులు పడుకునే చోట పడకలు వేస్తే రోగుల సంఖ్య ఇంకా పెంచుకోవచ్చు.

ఆయుధాలు పెద్దగా కనిపించవేం?

ఇది కొట్టే ఓడ కాదు, మోసే ఓడ. దగ్గరికొచ్చే క్షిపణులను కూల్చే ఫాలాంక్స్ తుపాకులు, మెషిన్ గన్లు ఆత్మరక్షణకు మాత్రమే. యుద్ధ సమయంలో చుట్టూ ఇతర యుద్ధనౌకలు కాపలాగా వెళ్తాయి.

## విశాఖలో తొలి ఏళ్లు

స్థావరంగా విశాఖనే ఎందుకు ఎంచుకున్నారు?

తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం విశాఖ. అండమాన్ నికోబార్ దీవులను చూసుకోవాలన్నా, బంగాళాఖాతంలో తుపాన్లకు సాయం పంపాలన్నా, ఆగ్నేయాసియా వైపు వెళ్లాలన్నా ఇక్కణ్నుంచే దగ్గర. నౌకాదళ డాక్‌యార్డు, డేగా వైమానిక కేంద్రం ఒకే ఊళ్లో ఉన్నాయి కాబట్టి ఓడకూ, దాని హెలికాప్టర్లకూ వేర్వేరు ఊళ్లు అవసరం లేకపోయింది. 2007లోనే జలాశ్వ ఇక్కడికి చేరింది. అప్పటినుంచి ఇదే దాని ఇల్లు.

2008లో ఓడలో గ్యాస్ ప్రమాదం జరిగిందట. అసలేమైంది?

2008 ఫిబ్రవరి 1న, సేవలోకి వచ్చి ఏడాది తిరగకముందే, ఓడలోని ఇరుకు గదిలో పేరుకున్న హైడ్రోజన్ సల్ఫైడ్ పీల్చి ఆరుగురు చనిపోయారు. ఒక అధికారి, ఐదుగురు నావికులు. మరికొందరు అస్వస్థతతో ఆసుపత్రి పాలయ్యారు.

ఈ వాయువు గురించి నాలుగు మాటలు చెప్పాలి, ఎందుకంటే ఇది ఓడల్లోనే కాదు, మన ఊళ్లలో మురుగు గుంతల్లో దిగే మనుషులను కూడా చంపుతోంది. మురుగులో, కదలకుండా నిలిచిపోయిన సముద్రపు నీటిలో సూక్ష్మజీవుల వల్ల ఇది పుడుతుంది. గాలి కంటే బరువు కాబట్టి అడుగున పేరుకుంటుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ముక్కు పనిచేయడం ఆగిపోయి వాసనే తెలియదు. వాసన పోయింది కాబట్టి ప్రమాదం పోయిందనుకుంటారు. అంతకంటే మోతాదు పెరిగితే రెండు మూడు శ్వాసల్లో మనిషి కూలిపోతాడు. పడిపోయిన వాణ్ని లాగడానికి ముఖానికి ఏ రక్షణా లేకుండా దిగినవాడూ పడిపోతాడు. ఇలాంటి ప్రమాదాల్లో ఒకరి కోసం వెళ్లి ఇంకొకరు పోవడం ఎక్కువగా కనిపించేది అందుకే. మూసి ఉన్న గదిలోకి దిగేముందు గాలి ఆడించడం, మీటరుతో వాయువును కొలవడం, ఆక్సిజన్ ముసుగు వేసుకోవడం, బయట ఒకరు తాడు పట్టుకుని నిలబడడం అన్నవి ఏ ఓడకైనా, ఏ మురుగు గుంతకైనా ఒకే నియమం.

జలాశ్వ గురించి మాట్లాడేటప్పుడు టన్నుల లెక్కలు, డాలర్ల లెక్కలు అందరికీ గుర్తుంటాయి. ఈ ఆరుగురు గుర్తుండరు. ఓడ తొలి చరిత్ర ఎవరు రాసినా వాళ్లతోనే మొదలుపెట్టాలని నేను గట్టిగా అనుకుంటాను.

ఆ తర్వాత ఓడను పక్కన పెట్టారా?

లేదు. సేవలో కొనసాగింది. తొలి ఏళ్లు ఎక్కువగా సాధనతోనే గడిచాయి. పడవలను వదలడం, తిరిగి తీసుకోవడం, హెలికాప్టర్లను రాత్రి దించడం, ముఖ్యంగా సైన్యంతో కలిసి పనిచేయడం. భూమి మీద పోరాడే పదాతి సైనికుడికి ఓడ మెట్లు, వాంతులు తెప్పించే ఊగిసలాట, చీకట్లో పడవలోకి దిగడం అన్నీ కొత్త. తిరువనంతపురంలో ఉన్న ఒక పదాతి దళ బ్రిగేడ్‌కు సముద్రం మీదుగా దిగే బాధ్యత అప్పగించింది కూడా ఈ ఓడ వచ్చాకే. ఓడ మన చేతికి వచ్చినంత మాత్రాన ఆ విద్య రాలేదు. ఒక తరం అధికారులు, నావికులు ఈ డెక్ మీదే దాన్ని నేర్చుకున్నారు.

2011లో లిబియాకు వెళ్లింది ఇదేనా?

అవును. 2011 ఫిబ్రవరిలో గడాఫీ పాలన మీద తిరుగుబాటు మొదలైనప్పుడు లిబియాలో దాదాపు 18,000 మంది భారతీయులు ఉన్నారు. నిర్మాణ పనుల్లో, ఆసుపత్రుల్లో, చమురు కంపెనీల్లో పనిచేసేవాళ్లు. వాళ్లను తీసుకురావడానికి ఆపరేషన్ సేఫ్ హోమ్‌కమింగ్ పేరుతో ప్రభుత్వం విమానాలు, అద్దె ఓడలు, నౌకాదళం మూడింటినీ దించింది. నౌకాదళం వైపు నుంచి జలాశ్వ, మైసూర్, ఆదిత్య వెళ్లాయి.

లెక్క ప్రకారం చూస్తే ఎక్కువ మంది విమానాల్లోనే వచ్చారు. బెంగాజీ నుంచి అలెగ్జాండ్రియాకు స్కోషియా ప్రిన్స్ అనే అద్దె ఓడ చాలామందిని చేర్చింది. మన యుద్ధనౌకలు భారత్ నుంచి సూయజ్ దాటి వెళ్లాలి కాబట్టి చేరేసరికి రోజులు గడిచాయి. అయినా ట్రిపోలీ రేవులో మన జెండాతో అంత పెద్ద ఓడ నిలబడడం అక్కడ మిగిలిపోయిన వాళ్లకు ధైర్యమిచ్చింది. బీరుట్‌లో, మొగడిషులో ట్రెంటన్‌గా చేసిన పనినే ఈసారి మన నావికులతో, మన వాళ్ల కోసం చేసింది.

## ఆ తర్వాత

కరోనా సమయంలో మాల్దీవుల నుంచి జనాన్ని తెచ్చింది ఏ ఓడ?

జలాశ్వ. 2020 మేలో ఆపరేషన్ సముద్ర సేతు మొదటి ప్రయాణంలో మాలే నుంచి 698 మందిని కొచ్చికి తెచ్చింది. వాళ్లలో 19 మంది గర్భిణులు. సైనికుల కోసం కట్టిన పడక గదుల్లోనే ప్రయాణికులను దూరం పాటిస్తూ ఉంచి, వాళ్లకూ సిబ్బందికీ వేర్వేరు దారులు కేటాయించారు. తర్వాత కొలంబో నుంచి, మళ్లీ మాలే నుంచి, చివరికి ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ నుంచి కూడా తెచ్చింది. శార్దూల్, మగర్, ఐరావత్‌లతో కలిపి ఆ 55 రోజుల్లో మొత్తం 3,992 మంది ఇళ్లకు చేరారు. మరుసటి ఏడాది రెండో దశ కరోనాలో ఊపిరి కోసం దేశం అల్లాడుతున్నప్పుడు 18 క్రయోజెనిక్ ఆక్సిజన్ ట్యాంకులు, 3,650 సిలిండర్లతో విశాఖ రేవుకు వచ్చింది కూడా ఇదే ఓడ.

కాకినాడ తీరంలో అమెరికా సైనికులు దిగినప్పుడు ఇది ఉందా?

ఉంది. టైగర్ ట్రయంఫ్ పేరుతో 2019 నవంబరులో విశాఖ, కాకినాడల దగ్గర భారత్, అమెరికా త్రివిధ దళాల విన్యాసం మొదటిసారి జరిగింది. విపత్తు వచ్చినప్పుడు తీరానికి సాయం ఎలా చేర్చాలన్నదే అందులో పాఠం. 2024లో, 2025లో కూడా ఇవే తీరాల్లో మళ్లీ జరిగాయి. ఒకప్పుడు నార్‌ఫోక్‌లో మన నావికులు అమెరికన్ల దగ్గర నిలబడి నేర్చుకున్న పనిని, వాళ్ల ఓడ పక్కనే నిలబడి సమానంగా చేయడం చూసి, తీరం మీద ఉన్న నాకు చాలా సంతోషమేసింది.

బీచ్ రోడ్డులో మ్యూజియంగా ఉన్నది జలాశ్వేనా? లోపలికి వెళ్లి చూడొచ్చా?

కాదు. ఆర్కే బీచ్‌లో ఉన్నది కురుసుర జలాంతర్గామి. 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దాని ఎదురుగా ఉన్నది టీయూ-142 విమానం. జలాశ్వ ఇంకా సేవలో ఉన్న యుద్ధనౌక, నౌకాదళ రేవులో ఉంటుంది, మామూలు రోజుల్లో బయటివాళ్లను రానివ్వరు. డిసెంబరులో నేవీ వారోత్సవాలప్పుడు కొన్ని ఓడలను విద్యార్థులకు, ప్రజలకు చూపిస్తారు. ఏ ఏడాది ఏ ఓడ అన్నది అప్పటి ప్రకటన చూసుకోవాలి. వెళ్లే అవకాశం వస్తే గుర్తింపు కార్డు తీసుకెళ్లండి, నిటారు మెట్లు ఎక్కడానికి వీలైన చెప్పులు వేసుకోండి. లోపల అందరూ హెలికాప్టర్ డెక్ మీద ఫోటోలకు ఆగుతారు. మీరు మాత్రం కిందికి దిగి, వెనక తలుపు దగ్గరున్న ఆ పొడవాటి హాలు చూపించమని అడగండి.